లాందా ఇంట్లో నేను పెట్టిన పందెం

గని ఊరు బచేలిలో మా క్వార్టర్ల వెనక ప్రహరీ గోడ ఒకచోట కూలి ఉంటుంది. రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ కూలింది. అవతలి పాడా వాళ్ళు, అంటే గూడెం వాళ్ళు, పడగొడుతున్నారని ఆఫీసులో అనుకుంటారు. పడగొట్టేది ఇవతలి వాళ్ళే. ఆ సందులోంచి దూరి, ఎర్రనీళ్ళ వాగు దాటి నాలుగడుగులు వేస్తే లాందా ఇల్లు వస్తుంది. మెయిన్ గేటు నుంచి తిరిగి పోవాలంటే అరగంట పడుతుంది.

లాందా అంటే బియ్యంతో చేసే కల్లు. దాన్ని సారాలాగా బట్టీ పెట్టి కాచరు. ఆ ఇంటామె బియ్యం నానబెట్టి దంచి, ఆ పిండిని ఆవిరి మీద ఉడికిస్తుంది. మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్నల్ని తిరగట్లో విసిరి, ఆ పొడి కలిపి, నీళ్ళు పోసి, కుండ మూతికి ఆకులు కట్టి వదిలేస్తుంది. ఎండాకాలమైతే రెండు రోజులు, చలికాలమైతే నాలుగు. పుల్లటి మజ్జిగలా, చిక్కటి గంజిలా ఉంటుంది. ఆకు దొప్పలో పోసి ఇస్తుంది. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకడు మొదటి దొప్ప తాగి, “సార్, మా దగ్గర దీన్నే క్రాఫ్ట్ బ్రూవరీ అంటారు. లైవ్ మ్యూజిక్ కూడా ఉంటుంది, అచ్చం ఇలాగే” అన్నాడు. అచ్చం ఇలాగే ఉండదు. అక్కడ వాయించేవాడికి జ్వరం వస్తే ఇంకొకణ్ణి పిలుస్తారు.

నేను గనిలో ఖనిజం నాణ్యత చూసే ల్యాబులో పనిచేస్తాను. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. చదువుకునే రోజుల్లో హేతువాద సభల్లో తిరిగి, అక్కడే మాట్లాడడం నేర్చుకున్నాను. సారా మీద, జాతకాల మీద, బాణామతి మీద, బాబాల మీద మాట్లాడాను. ఎదుటివాడి నోట మాట రాకుండా చేయడం ఎలాగో నాకు బాగా తెలుసు. లాందా ఇంటికి మొదటిసారి వెళ్ళింది కూడా తాగడానికి కాదు, తిట్టడానికి. మా ల్యాబు హెల్పరు డ్యూటీ ఎగ్గొట్టి అక్కడ కూర్చున్నాడని తెలిసి వెళ్ళాను.

ఆ ఇంటామె దోర్ల తెగ మనిషి. ఉసూర్ దగ్గర ఒక ఊళ్ళో పుట్టి, గొడవల రోజుల్లో ఊరు ఖాళీ అయితే ఇటు వచ్చింది. మొగుడు లేడు. ఆమెకి తెలుగు వచ్చు, గోండీ వచ్చు, హల్బీ, హిందీ వచ్చు. ఎవరితో తగువు పడితే ఆ భాషలో తగువు పడుతుంది.

నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట: “ఏంది సారూ, తాగనీకొచ్చినవా, తిట్టనీకొచ్చినవా? తిడితే తిట్టు గని ముందుగాల కూసో. నిలబడి తిడితే కాళ్ళు గుంజుతయ్.”

కూర్చున్నాను. ఆ రోజు వారపు హాట్, అంటే సంత. హాట్ ముగించుకుని జనం వస్తున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు ఒకే వరసలో కూర్చుని తాగుతున్నారు. ఎవరూ తూలడం లేదు. నా ఉపన్యాసానికి అక్కడ సరుకు దొరకలేదు. ఇంతలో ఆమె తమ్ముడు మోహరి తీశాడు. మోహరి అంటే సన్నాయి లాంటిదే, కాస్త పొట్టిది, గొంతు కాస్త బొంగురు. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. అక్క ఇంట్లోనే ఉంటాడు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, ఉసూర్‌లో ఆశ్రమ బడి హాస్టల్లో చదువుకుంటోంది.

ఆ ఇంటికొక పద్ధతి ఉంది. కొత్త కుండ విప్పగానే మొదటి దొప్ప ముంచి, మూడు చుక్కలు పెద్దల పేరు మీద నేలమీద పోస్తుంది. మిగిలింది తమ్ముడికిస్తుంది. అతను వెంటనే తాగడు. మోహరికి పెట్టే తాటాకు పీకని అందులో నానబెడతాడు. నానాక ఊదుతాడు. గొంతు తేటగా వస్తే కుండ తయారైనట్టు. పీక అతుక్కుపోయి గరగరలాడితే ఆమె మళ్ళీ ఆకులు కట్టేస్తుంది. ఆ రోజు ఎవరొచ్చినా ఆ కుండలోంచి పోయదు. పులవకుండా మిగిలిన పిండి పీకకి పట్టుకుంటుంది కాబట్టి అలా అవుతుందని నాకు అర్థమైంది. పెద్దలకీ దానికీ సంబంధం లేదని ఆమెతో చెప్పాను.

“నువ్వట్ల అనుకో, నేనిట్ల అనుకుంట. లాందా ఇద్దరికీ ఒక్కటే గద!” అంది.

అప్పట్నుంచి ప్రతి హాట్ రోజూ అక్కడే. నాలుగేళ్ళు వెళ్ళాను. మోహరి, దానితోపాటు ఒక ముసలాయన నగారా. అంతే ఆ కచేరీ. మా క్వార్టర్ల కుర్ర ఇంజినీర్లు కొందరు వచ్చి ఫోన్లలో తీసి పంపించుకునేవాళ్ళు. నాకు సంగీతం తెలియదు. కానీ ఆ మోహరి ఎత్తుకోగానే వారం రోజుల ల్యాబు దుమ్ము ఊపిరితిత్తుల్లోంచి దిగిపోయినట్టుండేది. ఊపిరితిత్తుల మాట ఇంత తేలిగ్గా వాడుకున్న రోజులు అవి.

పోయిన వానాకాలంలో మోహరి వాయించే అతనికి దగ్గు పట్టుకుంది. చలికాలానికి పాట మధ్యలో ఆగడం మొదలైంది. ఒక రోజు పీక నోట్లోంచి తీస్తే దాని మీద నెత్తురు కనిపించింది. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. మర్నాడే సెలవు పెట్టి, ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్‌ని వెంటబెట్టుకుని, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు గోలీలు, ఒక్క రోజు కూడా ఆపకూడదు, కల్లూ సారా ముట్టకూడదు అన్నారు. మితానిన్ నెల నెలా గోలీలు తెచ్చిస్తుంది.

వారం రోజులకే అతను గోలీలు ఆపేశాడు. ఎందుకంటే ఉచ్చ ఎర్రగా వస్తోంది. నెత్తురు కరిగి పోతోందని పాడాలో ఎవరో అన్నారు. నేను వెళ్ళి ఒక గోలీ చిదిమి, దొప్పలో నీళ్ళు పోసి అందులో వేశాను. నీళ్ళు నారింజ రంగుకి తిరిగాయి. “చూడవయ్యా, ఇది నీ నెత్తురా? గోలీ రంగు ఇది. లోపలికి పోయిందే బయటికి వస్తోంది.” అతను దొప్ప అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలు ముంచి చూశాడు. తర్వాత పకపకా నవ్వి, “అరె, గింతేనా!” అని గోలీలు తీసి మింగాడు. నా మాట మీద మింగాడని నేననుకోలేదు. నిరూపణ మీద మింగాడనుకున్నాను. ఇంటికొచ్చేటప్పుడు వాగు దగ్గర నిలబడి, మనిషికి చూపించి చెబితే చాలు, ఎవడైనా వింటాడు అని ఎంతో పొంగిపోయాను.

మూడు నెలలు నడిచాయి. దగ్గు తగ్గింది. బుగ్గలు నిండాయి. పీకని లాందాలో కాకుండా నీళ్ళల్లో నానబెట్టి, కొద్దికొద్దిగా ఊదడం మొదలుపెట్టాడు. అక్క మొహంలో రంగు వచ్చింది.

అప్పుడొచ్చింది ఆ హాట్ రోజు.

ఆ రోజు వడ్డె కూడా వచ్చి కూర్చున్నాడు. వడ్డె అంటే పాడాలో పూజలు చేసి, రోగాలకి దిష్టి తీసి, కోడిని కోసి, మూలికలిచ్చే మనిషి. అక్క అతని చేతికి దొప్ప ఇస్తూ, “నల్లకోడి ఇచ్చినంకనే మావోనికి మంచిగైంది” అంది. నగారా ముసలాయన అందుకున్నాడు: “అవ్, మోహరి మల్ల పలికింది. పెద్దలు చల్లగ చూసిండ్రు.”

నాకు ఒళ్ళు మండింది. మూడు నెలలు నేను సెలవులు పెట్టి తిరిగాను. మితానిన్ చలిలో నడిచి గోలీలు తెచ్చింది. ఆ గోలీ కనిపెట్టడానికి ఎన్ని ఊళ్ళలో ఎంతమంది జీవితాలు ధారపోశారో! ఆ పేరంతా ఒక నల్లకోడికి పోతోంది. లేచి నిలబడ్డాను. సభలో లేచినట్టే లేచాను.

“కోడి వల్ల తగ్గిందా? సరే! అయితే ఆ గోలీలు దండగ కదా! ఇవాళ్టినుంచి ఆపేయమనండి. నెల రోజులు గోలీ ముట్టకుండా ఉండమనండి. వడ్డె కోడి నిలబెడుతుందో లేదో ఇక్కడున్న వాళ్ళంతా చూస్తారు. ఉందా దమ్ము?”

వడ్డె వైపు చెయ్యి చాపి అన్నాను. ఇంజినీర్లు చప్పట్లు కొట్టారు. ఒకడు ఫోన్లో తీశాడు. వడ్డె ఏమీ మాట్లాడలేదు, దొప్పలోకి చూస్తూ కూర్చున్నాడు. నోట మాట రాలేదు కాబట్టి గెలిచాననుకున్నాను. మోహరి వాయించే అతను మాత్రం, “సరే సారూ” అన్నాడు నవ్వుతూ. నేను కూడా నవ్వాను.

మా సభల్లో సవాలు ఒక ఆయుధం. మంత్రగాణ్ణి పట్టుకుని, నీ మంత్రానికి అంత బలముంటే ఈ విషం తాగి బతికి చూపించు అంటాం. వాడు తాగడు. తాగడని మనకి ముందే తెలుసు. వాడు వెనక్కి తగ్గుతాడు, జనం నవ్వుతారు, మనం గెలుస్తాం. ఇరవై ఏళ్ళలో నా సవాలుని నిజంగా పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు పట్టుకున్నవాడు నా ప్రత్యర్థి కూడా కాదు.

మూడో రోజు నేను కోస్తాకి రైలెక్కాను. అక్కడ కుర్రవాళ్ళకి హేతువాద శిక్షణ తరగతులు, మూడు ఊళ్ళలో. వెళ్ళిన ప్రతిచోటా ఈ నల్లకోడి కథ చెప్పాను. “ఉందా దమ్ము?” అన్న చోట ఆగేవాణ్ణి. చప్పట్లు పడేవి. నేను వేదిక మీద ఆ కథ చెబుతున్న రోజుల్లోనే మోహరి అతను ఇక్కడ మళ్ళీ దగ్గడం మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం సందులోంచి దూరి వెళ్ళాను. నగారా ఒక్కటే వినిపించింది. మోహరి లేదు. నలుగురే ఉన్నారు. అక్క నన్ను చూసి తల తిప్పుకుంది. అంతకుముందెప్పుడూ ఆమె నన్ను మాటతో ఒక పోటు పొడవకుండా లోపలికి రానివ్వలేదు.

“ఏడీ?”

“ఎనక ఉన్నడు. పోయి చూడు, నీ పందెం ఎట్లున్నదో.”

“పందెమేమిటి?”

ఆమె పొయ్యి వైపు తిరిగింది.

ఇంటి వెనక ఇప్పచెట్టు కింద నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. మూడు వారాల్లో మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయి దగ్గాడు. దగ్గు ఆగాక, గోడ వైపు వేలు చూపించాడు. మట్టిగోడ మీద బొగ్గుతో గీతలు వరసగా గీసి ఉన్నాయి.

“ఇరవై మూడు అయినయ్ సారూ. ఇంక ఏడు. ఒక్క గోలీ ముట్టలే. కావాలంటే అక్కనడుగు. మితానిన్ తెచ్చినయ్ అట్లనే ఉన్నయ్.”

ఆ మట్టిలోనే కూర్చున్నాను. “ఎవరాపమన్నారయ్యా నిన్ను?” అన్నాను. ఆ ప్రశ్న అడిగిన నా గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. అడక్కుండా ఉండాల్సింది.

“నువ్వే గద సారూ! అందరి ముంగల అన్నవ్. నెల దినాలు ముట్టకుంటె ఎరుకైతదన్నవ్. గోలీ ఎర్రనీళ్ళు జూపించినోనివి నువ్వు. నువ్వన్నంక పక్కా ఏదో ఉంటదనుకున్న.”

“అది వడ్డెని అన్నాను. మాటవరసకి అన్నాను. నిజంగా ఆపమని కాదు!”

అతను నా మొహంలోకి చూశాడు. “మాటవరసకా?” అన్నాడు. కోపం లేదు. అర్థం చేసుకోడానికి ప్రయత్నిస్తున్నాడు. అందరి ముందూ నిలబడి అంత గట్టిగా అన్న మాట మాటవరసకి ఎలా అవుతుందో అతనికి అందడం లేదు.

లేచి వెళ్ళి అక్క దగ్గర గోలీల అట్ట అడిగి తెచ్చాను. వేసుకోమన్నాను. వద్దన్నాడు. బతిమాలాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“ఇప్పుడు ఏసుకుంటె ఎట్ల సారూ? ఇరవైమూడు దినాలు దండగైతయ్. నడుమల ఆపితే ఎవ్వలికీ ఏం ఎరుకగాదు. వడ్డె గెల్చిండా, నువ్వు గెల్చినవా? ఏడు దినాలే గద. ఓర్సుకుంట.”

ల్యాబులో పరీక్ష మధ్యలో కొలిమి తలుపు తెరిస్తే హెల్పర్ల మీద కేకలేసేవాణ్ణి. పరీక్ష మధ్యలో ఆపితే దానికి విలువ లేదని నేర్పినవాణ్ణి. ఇప్పుడు ఒక మనిషి తన ఊపిరితిత్తుల మీద పరీక్ష పెట్టుకుని, ఒక్క రోజు కూడా తప్పకుండా, బొగ్గుతో లెక్క రాసుకుని నడిపిస్తుంటే, దాన్ని చెడగొట్టమని కాళ్ళావేళ్ళా పడుతున్నాను. అతను వినలేదు. చచ్చిపోతావు అన్నాను. “సస్తె నువ్వు గెల్చినట్టు గద” అన్నాడు. పరాచికానికి అన్నాడు. నేను మొహం కప్పుకున్నాను.

అక్క దగ్గరికి వెళ్ళి, వడ్డె ఇల్లు చూపించమన్నాను. ఆమె ముందు నడిచింది. పొలాల మీదుగా వెళ్ళాం. దారిలో ఒకే ఒక్క మాట అంది: “నేను చెప్తనే ఉన్న సారూ వద్దని. సారుకి ఎక్కువ తెలుసా నీకు తెలుసా అన్నడు.”

వడ్డె వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. అతనికి హాట్‌లో నేర్చుకున్న తెలుగు కొంచెం వచ్చు. నేను నిలబడే చెప్పాను. మీరు చెబితే వింటాడు, గోలీ వేసుకోమని చెప్పండి, పందెంలో నేను ఓడిపోయానని నలుగురిలో ఒప్పుకుంటాను అన్నాను. ఇరవై ఏళ్ళుగా వేదికల మీద ఇలాంటి వాళ్ళని మోసగాళ్ళన్న నోటితోనే అన్నాను.

అతను కత్తి పక్కన పెట్టాడు. “నేను పందెం కట్టలే. గోలీ ఆపమని నేనేడ అన్న? నా బిడ్డకి మలేరియా వస్తె నేనే అస్పతాల్ తోల్కపోయిన. కోడి కోస్తం, గోలీ ఏస్తం. రెండూ చేస్తం. ఆపమన్నది నువ్వు.”

ఆ రోజు లాందా ఇంట్లో అతను మాట్లాడకపోవడం ఎందుకో అప్పటికి తెలిసింది. నోట మాట రాక కాదు. ఒక చదువుకున్నవాడు ఇంత మాట ఎలా అంటున్నాడా అని ఊరుకున్నాడు. కోడి వల్ల టీబీ తగ్గదు. ఇది ఇప్పటికీ అంటాను, అతని మొహం మీదా అంటాను. కానీ ఆ పాడాలో ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చింది మూఢనమ్మకం కాదు. నేను.

ముగ్గురం కలిసి తిరిగి వచ్చాం. నలుగురైదుగురు తాగేవాళ్ళు ఇంకా ఉన్నారు. వెనక నుంచి అతన్ని మంచంతో సహా ముందుకి తెచ్చాం. నేను అందరి ముందూ నిలబడి హిందీలో, తెలుగులో చెప్పాను: “పందెం అయిపోయింది. నేను ఓడిపోయాను. వడ్డె గెలిచాడు. ఇక గోలీలు వేసుకోవచ్చు.”

మంచం మీంచి అతను అడిగాడు: “నువ్వు ఓడిపోతే గోలీ దండగనే గద సారూ? కోడి గెల్చినంక గోలీ ఎందుకు ఏసుకోవాలె?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను అన్నది పూర్తిగా సరైన మాట. నేను నేర్చుకున్న తర్కంలో ఎక్కడ వెతికినా దానికి జవాబు లేదు. నలుగురు చూస్తుండగా నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఎంతమందిని ఇలా నిలబెట్టానో!

అప్పుడు అక్క కదిలింది. పొయ్యి పక్కనున్న కుండ దగ్గరికి వెళ్ళి, మూతికి ఆకులు కప్పి, నారతో బిగించి కట్టేసింది. తాగేవాళ్ళ చేతుల్లోంచి దొప్పలు లాక్కుని పారబోసింది. “లేవుండ్రి. పోండ్రి. ఈ ఇంట్ల తమాషా అయిపోయింది” అంది. తర్వాత మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఎవ్వడు గెలిస్తె నాకేంది రా? పందెం నన్నడిగి పెట్టిండ్రా? ఉసూర్‌ల నీ బిడ్డకి నేనేం జెప్పాలె? మీ అయ్య పందెంల గెలిచి పోయిండని చెప్పాల్నా? చెప్పు, నేర్పు నాకు, ఎట్ల చెప్పాలె?”

అతను గోడ వైపు చూశాడు. “ఏడు దినాలే గదక్కా” అన్నాడు చిన్నగా. ఆమె కదల్లేదు. చివరికి అతను చెయ్యి చాపాడు. నేను అట్ట ఇచ్చాను. అతను నా వైపు చూడకుండా మింగాడు.

అదే ముగింపైతే ఇది రాసేవాణ్ణి కాను.

వారం తర్వాత జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ కఫం పరీక్ష చేశారు. మామూలు గోలీలు ఇక ఈ క్రిమి మీద పనిచేయవన్నారు. ఆపడం వల్లే ఇలా అయిందా అని డాక్టరుని అడిగాను. కావచ్చు, మొదటినుంచీ అలాంటి క్రిమే కొంత ఉండి ఉండొచ్చు, చెప్పలేం అంది. నా మొహం చూసి, “మిమ్మల్ని మీరు నిందించుకోకండి” అని కూడా అంది. ఆ “చెప్పలేం” అన్న మాటలో నేను దాక్కోడానికి చోటుంది. కొన్ని రోజులు దాక్కున్నాను కూడా. కానీ మూడు నెలల్లో బుగ్గలు నిండిన మనిషిని నేను చూశాను.

ఇప్పుడు వేరే గోలీలు. చాలా ఎక్కువ, చాలా రోజులు. రెండో నెల నడుస్తోంది. వాటితో అతని కాళ్ళు మండుతున్నాయి, వేళ్ళ చివర్లు మొద్దుబారుతున్నాయి. ఒక రోజు మోహరి చేతికిస్తే, రంధ్రాల మీద వేళ్ళు పెట్టి, “ఎక్కడ మూసిన్నో తెలుస్తలేదు” అని తిరిగి ఇచ్చేశాడు. ఊదే ఊపిరి ఎలాగూ లేదు. హాట్ రోజున నగారా ముసలాయన వచ్చి కాసేపు కొట్టి ఆపేస్తాడు. కుండ తయారైందో లేదో అక్క నాలుక మీద చూసుకుంటోంది. రెండుసార్లు తప్పింది, జనం తగ్గారు. ఇంజినీర్లు రావడం లేదు. ఆ రోజు ఫోన్లో తీసిన వీడియో ఒకడు నాకు పంపాడు. అందులో నా గొంతు గట్టిగా వినిపిస్తుంది. మూలన అతను “సరే సారూ” అని, చేతిలో ఉన్న గోలీల అట్టని జాగ్రత్తగా మడిచి రొంటిన దోపుకోవడం కనిపిస్తుంది. నేను అప్పుడు అటు చూడలేదు.

అక్క మళ్ళీ కోడి కోయించింది. నన్ను ముందే అడిగింది: “ఏమన్న అంటవా సారూ?” అననన్నాను. వడ్డె చేసింది చేశాడు, నేను గోలీలు లెక్కపెట్టి ఇచ్చాను. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టలేదు. ఏదో పనిచేస్తే చాలని నేనూ అనుకున్నానా? లేదు. అనుకోలేకపోయాను. ఆ పాటి ఊరట కూడా నాకు లేదు. ఆమెకి కోడి ఉంది. నాకు ఆ అట్ట ఒక్కటే ఉంది, అదీ పనిచేస్తుందో లేదో పరీక్ష వచ్చేదాకా తెలియదు.

రోజూ పొద్దున డ్యూటీకి ముందు వెళ్తాను. అతను నా ఎదుటే మింగాలి. మొన్న అన్నీ మింగి, మంచినీళ్ళు తాగి, పడుకున్నాడు. నేను లేచి సందు దాకా వచ్చాను. వెనక నుంచి అక్క కేక. పరిగెత్తాను. మొత్తం కక్కేశాడు. మంచం పక్కన మట్టిలో కక్కు, అందులో సగం కరిగిన గోలీలు రెండు. మిగతావి లోపల ఉన్నాయో, మట్టిలో కలిశాయో. అతను గోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి.

“మల్ల ఇయ్యాల్నా సారూ?” అంది అక్క. చేతిలో అట్ట ఉంది. “మల్ల ఇస్తె ఎక్కువైతదా? ఇయ్యకుంటె ఇయ్యాల్టిది పోయినట్టేనా? ఏం జెయ్యాలె? చెప్పు.”

అతను కూడా నా వైపే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పడం నాకు కష్టం కాదు. నా నోటికి ఎప్పుడూ మాట కరువు లేదు. ఇవ్వమన్నా ఆమె ఇస్తుంది, వద్దన్నా మానేస్తుంది.

“నాకు తెలియదక్కా” అన్నాను. “తెలియకుండా చెప్పను.”

ఆమె అట్ట నా చేతిలో పెట్టింది. మితానిన్‌కి ఫోన్ చేశాను, కలవలేదు. ఆసుపత్రి నంబరుకి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. ఆ దొప్పంత ఇంట్లో సిగ్నల్ ఒక చోట వస్తుంది, ఒక చోట రాదు. అక్క అప్పటికే చెప్పులేసుకుంది.

“పొలాలకడ్డంబడి పోతె మితానిన్ ఇల్లు దగ్గర. నువ్వీడ కూసో. వాన్ని పండనియ్యకు, మల్ల కక్కుకుంటడు. కూసోబెట్టి పట్టుకో.”

ఆమె పరిగెత్తింది. నేను మంచం మీద అతని వెనక కూర్చుని, రెండు చేతులతో పట్టుకున్నాను. చొక్కాలోంచి పక్కటెముకలు గుచ్చుకున్నాయి. అతని ఊపిరి నా చేతుల కింద లేస్తోంది, ఆగుతోంది, మళ్ళీ లేస్తోంది. డ్యూటీ సైరన్ మోగింది. అతను ఏదో అడిగాడు, వినపడలేదు. వంగి చెవి దగ్గర పెట్టాను.

“అక్కొస్తదా?” అంటున్నాడు.

“వస్తోంది” అన్నాను. పొలాల వైపు చూశాను. ఇంకా ఎవరూ కనిపించలేదు.